బిళ్ళ లేకుండా లేచిన మనిషి

కాలరక్క సూపర్వైజరు చెంప పగలగొట్టిందని కొందరు చెబుతారు. చెంప కాదు, కత్తెర తీసి బల్లలో దిగ్గొట్టిందని ఇంకొందరు. మేనేజరు చేత క్షమాపణ చెప్పించుకుందనేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ నోటికి మొక్కాలి. ఆమెనే అడిగితే మాత్రం ముఖం చిట్లించి, "నేనేం చేశాను? ఒంటికి వెళ్ళొచ్చాను, అంతే" అంటుంది. ఆ మాట ఎవరూ నమ్మరు. నిజానికి ఆమె చెప్పేదే నిజం. కాకపోతే అంతమాత్రం చెప్పి వదిలేస్తే సగమే చెప్పినట్టవుతుంది, ఆ మిగతా సగం ఆమె తన నోటితో చెప్పుకునే రకం కాదు.

ముందు మనిషి ఎలాంటిదో తెలియాలి. కాలరక్క వీరనారి కాదు. వీధిలో ఎవరైనా గొంతు పెంచితే కిటికీ మూసుకునే మనిషి. ఎండాకాలంలో ఫ్యాన్లు కావాలని ఫ్యాక్టరీలో ఆడవాళ్ళంతా కలిసి మేనేజరు గదికి బయల్దేరిన రోజున ఈమె చెప్పు తెగిందని వెనక ఆగిపోయింది. చెప్పు నిజంగానే తెగింది, అబద్ధమాడే మనిషి కాదు. అయితే తెగిన చెప్పు చేత్తో పట్టుకుని నడవచ్చు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, వెనక ఆగిపోయిన కాసేపూ అదే ఆమెను పొడుస్తూ ఉంది.

అబద్ధం మాత్రం చెప్పదు. కొందరికి పాలు పడవు, ఈమెకు అబద్ధం పడదు. ఒకసారి పక్కింటివాళ్ళూ ఎదురింటివాళ్ళూ కుళాయి దగ్గర కొట్టుకుని ఈమెను సాక్ష్యం అడిగారు. తిట్టింది ఇద్దరూ అనీ, వరస తప్పి బకెట్లు ముందుకు జరిపింది కూడా ఇద్దరే అనీ ఉన్నదున్నట్టు చెప్పేసింది. నిజమాడితే నిష్ఠూరమని ఊరికే అన్నారా? ఆ రెండిళ్ళవాళ్ళూ రాజీపడిపోయి ఈమెతో మాటలు మానేశారు. అప్పటి నుంచీ ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. అబద్ధం ఎలాగూ చెప్పలేను, కాబట్టి నన్నెవరూ ఏదీ అడక్కుండా చూసుకోవాలి. తల వంచుకుని కుట్టుకునేదాన్ని ఎవరు అడుగుతారు?

ఆమె పని చేసేది కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో. పొడవాటి గది, పైన రేకులు, కింద వరసలు వరసలుగా మిషన్లు. ఒక్కో వరసను లైను అంటారు. కోటంతా ఒక్కరే కుట్టడం ఉండదు. ఒకరు జేబులు కుడితే, ఒకరు చేతులు, ఇంకొకరు కాలర్లు. కన్నవాళ్ళు పెట్టిన పేర్లు గేటు బయటే ఉండిపోతాయి, లోపల కుట్టే ముక్కను బట్టే పిలుపు. అలా కాలర్లు కుట్టే ఆమె కాలరక్క అయింది. జేబులు కుట్టే పెద్దావిడ జేబుల పిన్ని. చేతులు కుట్టే పిల్ల, ఏడో నెల కడుపుతో ఉన్న పిల్ల, చేతుల పిల్ల. కొత్తగా చేరినవాళ్ళు ఆ పిలుపు విని "మాకేం చేతుల్లేవా" అని నవ్వుతారు. వారం తిరక్కుండానే వాళ్ళూ గుండీల చెల్లెలో బెల్టు వదినో అయి కూర్చుంటారు. సూపర్వైజరుకు కుట్టుపని ఏదీ రాదు గనక అతనికి ఆ రకం పేరు దొరకలేదు. నోరు తెరిచే ముందు కత్తెర పిడితో బల్ల మీద టకటకా కొట్టడం అతని అలవాటు. అందుకని అతను టకటక.

ఇక బిళ్ళ సంగతి. లైనుకు ఒక చెక్క బిళ్ళ, ఎర్రరంగు వేసింది, టకటక బల్ల పక్కన మేకుకు వేలాడుతుంది. ఒంటికి వెళ్ళాలంటే ఆ బిళ్ళ తీసుకుని వెళ్ళాలి, వచ్చి మళ్ళీ మేకుకు తగిలించాలి. బిళ్ళ బయట ఉన్నంతసేపూ మిగతావాళ్ళు కాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి. ఈ తెలివి ఎవరికి పుట్టిందో గానీ వాడు కచ్చితంగా ఆడదానికి పుట్టినవాడు కాదు. అదీగాక బిళ్ళ కోసం మేకు దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ టకటక నలుగురూ వినేలా "మళ్ళీనా?" అంటాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా? ఆ "మళ్ళీనా" పడలేక ఆడవాళ్ళు తమలో తాము ఒక ఏర్పాటు చేసుకున్నారు. వెళ్ళొచ్చిన మనిషి బిళ్ళను మేకుకు తగిలించదు. తర్వాత అవసరం ఉన్నామె దగ్గర, మిషను పక్కనున్న బట్టల గుట్ట మీద, చప్పుడు కాకుండా పెట్టేసి పోతుంది. బిళ్ళ అలా చేతులు మారుతూ సాయంత్రానికి మేకుకు చేరుతుంది. టకటకకు ఇది తెలియదు, తెలిస్తే ఆ మేకును తన బల్ల మధ్యలోకి మార్పిస్తాడు.

ఆ వారం కాలరక్కకు ఒంటికి వెళితే మంట. "బిగబట్టుకుని బిగబట్టుకుని తెచ్చుకున్నావమ్మా. మందులు మింగడం కాదు, నీళ్ళు తాగాలి" అని డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. మామూలుగా లైనులో ఎవరూ నీళ్ళు తాగరు. గొంతు తడుపుకుంటారంతే. కాలరక్క మాత్రం ఆ పొద్దున సీసాడు నీళ్ళూ తాగేసి కూర్చుంది.

కాసేపటికి, మేకు ఖాళీగా ఉన్నా బయటికి వెళ్ళినవాళ్ళెవరూ లేరని చూసి టకటక బల్ల మీద కొట్టాడు. "బిళ్ళ ఎవరి దగ్గరుంది?" ఎవరూ పలకలేదు. మళ్ళీ అడిగాడు. మిషన్ల కిందా దారం పెట్టెల్లోనూ కోట్ల గుట్టల్లోనూ వెతికించాడు. ఎక్కడా లేదు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

"దొరికేదాకా ఎవరూ లేవడానికి వీల్లేదు. తీసినవాళ్ళే ఇస్తారు" అని అతను కుర్చీలో వెనక్కి వాలాడు.

బిళ్ళ ఎక్కడికి పోయిందో కాలరక్కకు కొంత తెలుసు. జేబుల పిన్ని వెళ్ళొచ్చి, చేతుల పిల్ల పక్కనున్న గుట్ట మీద దాన్ని పెట్టడం ఆమె చూసింది. చేతుల పిల్ల అప్పుడు దారం ఎక్కించుకుంటోంది, చూడలేదు. పిన్నికి చూపు ఆనక చాలాకాలమైంది, జేబులు కూడా తడుముకుంటూ కుడుతోంది. పిల్ల చూసిందో లేదో ఆమెకూ తెలియలేదు. ఆ తర్వాత ఏమైందో కాలరక్కకూ తెలియదు. తనను విడిగా అడగలేదు కనుక చెప్పలేదు, అది ఆమె పద్ధతి.

పొద్దెక్కింది. చేతుల పిల్ల మిషను ఆపి, మోకాళ్ళు దగ్గరకు లాక్కుని, కింది పెదవి పళ్ళతో నొక్కిపట్టింది. నుదురంతా చెమట. కాలరక్క చూసింది. చూసి కళ్ళు కాలరు మీదికి తిప్పుకుంది. మళ్ళీ చూసింది, మళ్ళీ తిప్పుకుంది. ఎవరైనా ఏదైనా అంటే బాగుండునని లైనంతా అనుకుంటోంది, పిల్లి మెడలో గంట కట్టేదెవరు? కాలరక్క కూడా అలాగే అనుకుంటూ కుట్టుకుంటూ కూర్చుంది. అంతలో పొద్దున తాగిన నీళ్ళు ఆమె మీద తిరగబడ్డాయి.

బిగబట్టింది. పళ్ళు కొరికింది. పాత అలవాటే కదా అనుకుంది, కానీ మంటతో వచ్చే ఒంటికి ఆపితే ఆగేది కాదు. లేచి నిలబడింది.

"ఎక్కడికి?" అన్నాడు టకటక.

"ఒంటికి."

"బిళ్ళేది?"

"లేదు సార్."

"లేకపోతే కూర్చో."

"కూర్చుంటే ఇక్కడే అయిపోతుంది సార్. తుడిచేది ఎవరు, మీరా నేనా?"

లైనులో ఎవరో కిసుక్కున నవ్వారు. కాలరక్క ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగింది. టకటక జవాబు వెతుక్కునే లోపల ఆమె అతని బల్ల దాటి నడిచిపోయింది.

తిరిగి వచ్చేసరికి తలుపు బయట చేతుల పిల్ల, ఆమె వెనక గుండీల చెల్లెలు, ఆ వెనక సగం లైను. టకటక ఫోను పట్టుకుని తిరుగుతున్నాడు. ఆ రోజుకు బిళ్ళ లేదు, అడిగే దిక్కూ లేదు.

మధ్యాహ్నం డబ్బాలు విప్పే వేళకు కాలరక్క మహానాయకురాలు అయిపోయింది. "మా కాలరక్క ఆడపులి" అని జేబుల పిన్ని అందరికంటే గట్టిగా అంది. "ఈ పిల్ల బాధ చూడలేక లేచింది. మనలో ఎవరికుంది ఆ గుండె?" చేతుల పిల్ల కాలరక్క చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నీ మేలు మరిచిపోనక్కా" అంది.

"నీ కోసం కాదు పిల్లా. నాకు వచ్చింది, లేచాను."

"చూశారా, గొప్పలు కూడా చెప్పుకోదు" అంది పిన్ని.

కాదు మొర్రో అంటే వినరే! ఎంత కాదంటే అంత ఎక్కువ మునగచెట్టు ఎక్కించారు. కాలరక్కకు తిండి సయించలేదు. ఆ పిల్ల పెదవి కొరుక్కోవడం తను చూసింది. చూసి కళ్ళు తిప్పుకుంది. తన కడుపు తనను లేపకపోతే సాయంత్రం దాకా అలాగే కూర్చునేది. చెయ్యని పనికి ఆ పిల్ల కన్నీళ్ళతో దణ్ణం పెడుతుంటే ఎవరి సొమ్మో జేబులో వేసుకున్నట్టు ఉంది ఆమెకు.

సాయంత్రం లోపల బిళ్ళ దొరికింది. ఇస్త్రీ బల్ల మీద ఒక కోటు చేతిలో గట్టిగా ఏదో తగిలితే లైనింగు విప్పారు. పై బట్టకూ లైనింగుకూ మధ్య ఎర్ర బిళ్ళ. గుట్ట మీద పెట్టినది జారి ముక్కల మధ్యలోకి పోయింది, చేతుల పిల్ల చూసుకోకుండా కుట్టేసింది. వినేవాళ్ళకు నవ్వొచ్చే సంగతే. కోట్లు కొనే కంపెనీవాళ్ళు తనిఖీకి వచ్చే వారం అది, అందుకని మేనేజరుకు మాత్రం నవ్వు రాలేదు.

అతను కాలరక్కను గదికి పిలిపించాడు. మేనేజరు మెత్తగా మాట్లాడే మనిషి, అరిచేవాడైతే నయం.

"చూడమ్మా, నాకు అర్థమైంది. ఆ పిల్ల బిళ్ళను దాచింది, నువ్వు లేచి గొడవ చేశావు. ఇద్దరూ కలిసే చేశారు."

"లేదు సార్."

"నీ మీద నాకు కోపం లేదు. ఇన్నేళ్ళలో ఒక్క మాట పడలేదు నువ్వు. రేపు పొద్దున లైను ముందు నిలబడి, తప్పయింది, ఆ పిల్ల చెబితే చేశాను అను. అంతటితో సరి. ఆ పిల్లను పంపించేస్తాం, నీ జోలికి రాం. అనలేదనుకో, ఆ పిల్లతో పాటు నువ్వూ వెళ్ళాలి. మీ ఆయన మన గేటు దగ్గరే ఉన్నాడు కదా? అతని సంగతి కూడా ఆలోచించుకో."

కాలరక్క మొగుడు ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా మనిషి. వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ గేటు తీసి వేస్తాడు. మోకాలు దెబ్బతిని బరువులెత్తే పని పోయాక మేనేజరే దయతలచి ఆ కుర్చీ ఇప్పించాడు. ఆ దయను మేనేజరు మర్చిపోడు, ఎదుటివాళ్ళను మర్చిపోనివ్వడు.

గేటు దాటి రోడ్డెక్కగానే జేబుల పిన్ని వెనక నుంచి వచ్చి కలిసింది. గొంతు తగ్గించి అడిగింది.

"నువ్వు చూశావు కదే?"

"చూశాను."

"చెప్పేస్తావా?"

"ఏమో పిన్నీ."

పిన్ని ఆమె మోచెయ్యి పట్టుకుంది. "నా కళ్ళ సంగతి నీకు తెలుసు. ఇక్కడ నుంచి పంపేస్తే సూదిలో దారం ఎక్కించలేనిదాన్ని ఇంకెవరు పెట్టుకుంటారు? ఆ పిల్ల చిన్నది. కాన్పుకు ఎలాగూ రెండు నెలల్లో మానేస్తుంది. ఆ తర్వాత ఎక్కడైనా దొరుకుతుంది దానికి. కొంచెం ముందు మానేసిందనుకుంటే సరిపోయె."

మధ్యాహ్నం తనను ఆడపులి అని ఎత్తింది ఈ మనిషే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అందరికంటే గట్టిగా ఎందుకు పొగిడిందో ఇప్పుడు తెలిసింది. కాలరక్కకు ఒళ్ళు మండిపోయింది. అయితే పిన్ని మాట న్యాయంగానే ఉందని కూడా ఒక్క క్షణం అనిపించింది, అందుకు తన మీద తనకు ఇంకా మండింది. చెయ్యి విడిపించుకుని గబగబా నడిచి వెళ్ళిపోయింది.

ఇంట్లో మొగుడికి అప్పటికే తెలిసిపోయింది. గేటు దగ్గర కూర్చునే మనిషికి తెలియని కబురుంటుందా? స్టవ్ పక్కన పీట మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు.

"తప్పయిందని ఒక్క మాట అనేస్తే పోదా? మాటేగా?"

"ఆ పిల్ల చెబితే చేశానని కూడా అనాలట. అది అబద్ధం."

"అయితే నిజం చెప్పు. పెట్టింది ఎవరో చెప్పు."

"చెబితే పిన్ని పోతుంది. దాంతో పాటు బిళ్ళ చేతులు మార్చే ఏర్పాటూ పోతుంది. అందరూ మళ్ళీ ఆ మేకు దగ్గరికి వెళ్ళి మాటలు పడాలి."

"పోనీ నేనే పెట్టానను."

"నేను పెట్టలేదుగా."

మంచం మీద నుంచి అత్త పకపకా నవ్వింది. ఆమె వయసులో ఉన్నప్పుడు ఇటుకలు మోసి, మేస్త్రీలతో తగువులాడి బతికిన మనిషి, నోటికి అడ్డూ అదుపూ లేదు. "ఒక్క అబద్ధం చెప్పడం చేతకాదు, ఏం కోడలివే నువ్వు? నీ వయసులో నేను రోజుకు పది చెప్పేదాన్ని."

"ఏమైనా ఒరిగిందా అత్తా?"

"ఒరిగితే ఈ నులక మంచం మీదెందుకుంటాను?" అని అటు తిరిగి పడుకుంది.

మొగుడు నూనె సీసాకు మూత పెట్టాడు. మెల్లగా అన్నాడు, "నా పని పోతే పోయిందిలే అనడానికి నాకు నోరు రావడం లేదు. భయంగానే ఉంది. కానీ రేపు నిన్ను బయటికి పంపమంటే ఆ గేటు తియ్యాల్సింది నేనే. ఎలా తియ్యమంటావు?"

కాలరక్క గిన్నెలు తోముతూ ఏడ్చింది, ఎవరూ చూడకుండా కాదు, అందరూ చూస్తుండగానే. తను ఎవరి జోలికీ పోలేదు. ఎవరి కోసమూ జెండా ఎత్తుతానని అనలేదు. పొద్దున లేచి కాలర్లు కుట్టి ఇంటికి రావడం తప్ప ఇంకేం అడిగింది? చెబితే ఒకరి బతుకు, చెప్పకపోతే ఇంకొకరిది, మధ్యలో మొగుడి గేటు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ సాయంత్రం తెలిసివచ్చింది. గిన్నెలన్నీ అయ్యాక మాత్రం ఒక్కటి తేలింది. ఇప్పటిదాకా ఏమైనా సరే, చూసి కళ్ళు తిప్పుకోవడం ఇక తన వల్ల కాదు. ఆ మాట పైకి అంటే గొప్పగా ఉంటుంది గానీ లోపల భయం మాత్రం అలాగే ఉంది.

పొద్దున లైను మొదలు కాకుండానే అందరినీ మిషన్ల దగ్గర నిలబెట్టారు. మేనేజరు వచ్చాడు. టకటక కొత్త బిళ్ళ ఒకటి మేకుకు తగిలించి పక్కన నిలబడ్డాడు. చేతుల పిల్ల ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉంది. జేబుల పిన్ని నేల చూస్తోంది. నిన్న ఆడపులి అన్నవాళ్ళలో ఒక్కరి నోరూ పెగల్లేదు. పులిని ముందుకు తోసి అందరూ కంచె ఎక్కి కూర్చున్నారు.

"చెప్పమ్మా" అన్నాడు మేనేజరు మెత్తగా.

కాలరక్క ముందు లైను వైపు తిరిగింది.

"నన్ను ఇంకెప్పుడూ పులీ గిలీ అనకండి. నిన్న ఈ పిల్ల పెదవి కొరుక్కోవడం నేను చూశాను. మీరందరూ చూశారు. చూసి కూడా కుట్టుకుంటూ కూర్చున్నాను, మీలాగే. నాకు వచ్చింది కాబట్టి లేచాను. ఈ పిల్ల కోసం లేచి ఉంటే బాగుండేది. లేవలేదు. అందుకు సిగ్గుగా ఉంది నాకు."

చేతుల పిల్ల తలెత్తి చూసింది. కాలరక్క ఈసారి కళ్ళు తిప్పుకోలేదు.

"అది కాదమ్మా నిన్ను చెప్పమన్నది" అన్నాడు మేనేజరు.

"అదీ చెబుతున్నాను సార్. బిళ్ళను ఈ పిల్ల దాచలేదు. గుట్టలో ఉన్నది తెలియక కుట్టేసింది, అంతే. అక్కడ పెట్టిన మనిషి కూడా దాచాలని పెట్టలేదు. పెట్టడం నేను చూశాను."

"ఎవరు?"

"చెప్పను."

మేనేజరు ఒక అడుగు ముందుకు వేశాడు.

"తెలియదంటావా?"

"తెలియదంటే అబద్ధమవుతుంది సార్. తెలుసు. చెప్పను. తప్పయిందని కూడా అనను, ఎందుకంటే తప్పు కాలేదు. ఒంటికి వస్తే వెళ్ళడం తప్పయితే ఆ తప్పు మీరూ రోజూ చేస్తున్నారు, మీకు బిళ్ళ లేదు."

మేనేజరు ముఖంలో మెత్తదనం పోయింది. "మీ ఆయన గేటు దగ్గరున్నాడు, గుర్తుందా?"

"ఉంది సార్. రాత్రి నుంచీ అదే గుర్తుంది."

"అయితే డబ్బా తీసుకుని బయటికి నడువు."

"నడవను" అంది కాలరక్క. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని ఆమెకు ఒక క్షణం తెలియలేదు. "నా అంతట నేను వెళ్ళను. నిన్నటి కాలర్లు ఇంకా సగం మిషను మీదే ఉన్నాయి. నన్ను పంపాలంటే మీరే ఎత్తుకెళ్ళి గేటు బయట పెట్టాలి. ఆ గేటు మా ఆయన చేత మాత్రం తీయించకండి, మీరే తియ్యండి." అని ఒక్క క్షణం ఆగింది. పొద్దున కూడా డాక్టరమ్మ చెప్పినట్టే నీళ్ళు తాగి వచ్చింది. "ఈలోగా నాకు వస్తోంది. వెళ్ళొస్తాను."

కొత్త బిళ్ళ మేకుకు వేలాడుతోంది. ఆమె దాని పక్క నుంచే నడిచి వెళ్ళింది. ఎవరూ ఆపలేదు, ఆపే ఆలోచన ఎవరికీ వచ్చేలోపే తలుపు వేసుకుంది.

లోపల పని అయ్యాక కూడా బయటికి రాలేకపోయింది. బోర్లించిన బకెట్ మీద కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకుంది. అయిపోయింది, ఇద్దరి పనీ పోయింది అనుకుంది. అత్త మందులు, మొగుడి మోకాలు, రేపటి పొద్దు, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఈపాటికి కాలర్లు కుడుతూ ఉండేది. ఆ సంగతి తలుచుకుని కూడా చూసింది. ఆడి ఉండాల్సిందని మాత్రం ఎంత వెతికినా అనిపించలేదు.

బయట బెంచీలు జరిగిన చప్పుడైంది. ఒకటి, ఆ వెంటనే ఇంకొన్ని. మిషన్ల రొద ఎంతకీ మొదలుకాలేదు. ముఖం కడుక్కుని తలుపు తీసింది.

ఎదురుగా జేబుల పిన్ని గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది.

"చెప్పేశానే" అంది.

"ఏం చెప్పావు?"

"నేనే పెట్టానని. కళ్ళు ఆనడం లేదని కూడా చెప్పేశాను."

కాలరక్కకు కోపం ఆగలేదు. "ఎవరు చెప్పమన్నారు నిన్ను? నేను చెప్పనన్నానుగా. గొంతు చించుకుని మరీ అన్నాను."

"నీ మాట నీది. నా మాట నాది. చెప్పకుండా నిలబడదామనే చూశాను, ఆ పిల్ల ముఖం చూసి ఉండలేకపోయాను." పిన్ని చేత్తో తడుముకుంటూ ఒక అడుగు ముందుకు వేసింది. "ఇంకా నిలబడ్డావేం? తప్పుకో, నాకూ వస్తోంది. భయానికి ఎక్కువైంది."

పిన్ని వెనక చేతుల పిల్ల, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని. ఆమె వెనక గుండీల చెల్లెలు. ఆ వెనక లైనంతా, ఆ పక్క లైనులోంచి కూడా కొందరు. ఎవరి చేతిలోనూ బిళ్ళ లేదు. కొందరికి నిజంగా అవసరం ఉందో లేదో దేవుడికే తెలియాలి. ఆడవాళ్ళ మరుగుదొడ్డి దగ్గరికి మగవాళ్ళు రాకూడదు కనుక మేనేజరూ టకటకా దూరంగా, ఆగిపోయిన మిషన్ల మధ్య నిలబడిపోయారు. ఇంతమందిని ఒక్కసారిగా పంపించేస్తే తనిఖీకి వచ్చేవాళ్ళకు ఏ కోట్లు చూపించాలో మేనేజరు లెక్క వేసుకుంటున్నట్టే ఉన్నాడు.

కాలరక్క తలుపు పట్టుకుని పక్కకు జరిగింది. పిన్ని గడప కనిపించక తడబడితే చెయ్యి పట్టి లోపలికి దాటించింది.

టకటక అక్కడి నుంచే కేక వేశాడు. చేతిలో కత్తెర లేదు, కొట్టడానికి బల్ల లేదు.

"ఎంతసేపు ఇది?"

అందరూ కాలరక్క వైపు చూశారు. మామూలుగా అయితే ఆమె నేల చూసేది. ఈసారి ఆమె మాట గది చివరి దాకా వినబడింది.

"అందరికీ అయ్యేదాకా సార్."